కోతలకు ముందే ట్రక్కు సాకెట్ చూసుకుందాం

(మండల మహాసభలో మా గ్రామ శాఖ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ఈ వేదిక మీద మద్దతు ధర గురించి, పంటల బీమా గురించి, కౌలు కార్డుల గురించి మాట్లాడుకున్నాం. మా శాఖకు ఇచ్చిన ఈ పావుగంటలో మేము ఒక చిన్న వస్తువు గురించి చెబుతాం. ట్రాక్టరు వెనక పిడికిలంత ఉండే ఏడు పిన్నుల సాకెట్ అది. ట్రక్కు లైట్లకు కరెంటు అందులోంచే పోతుంది. మేము ట్రక్కు అన్నదాన్ని మీలో కొందరు ట్రాలీ అంటారు, తొట్టి అంటారు. ఏదైనా ఒకటే.

ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నామో ముందు చెప్పాలి. పోయిన కోతల్లో మా ఊరి ట్రక్కు ఒకటి ధాన్యం బస్తాలతో మిల్లుకు బయలుదేరింది. పొద్దున పది గంటలకు దిగాల్సిన సరుకు వరసలో నిలబడి నిలబడి, చివరికి తేమ ఎక్కువుందని తిరిగి పంపేసరికి రాత్రి ఎనిమిదయింది. కాలవ గట్టు రోడ్డు మీద వస్తుండగా ట్రక్కు టైరు పంచరయింది. డ్రైవరు దిగి జాకీ తీస్తున్నాడు. వెనక నుంచి మోటారు సైకిలు మీద ఇద్దరు పిల్లలు వచ్చారు. ట్రక్కు దగ్గరికొచ్చాక గానీ వాళ్లకు కనిపించలేదు. బండిని పక్కకు కోసి కాలవలోకి పోయారు. నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి కాబట్టి బతికారు. ఒకడికి చెయ్యి విరిగింది. ఇద్దరూ మన పక్క ఊరి వాళ్లే. వాళ్ల ధాన్యం కూడా అదే మిల్లుకు పోయింది.

అందరం డ్రైవరు మీద పడ్డాం. అతను ఒకటే మాట అన్నాడు: "బల్బులు మొన్ననే కొత్తవి వేశానండి. కావాలంటే చూసుకోండి." చూశాం. బల్బులు బాగానే ఉన్నాయి. వైరు బాగానే ఉంది. ట్రాక్టరు వెనక సాకెట్ మాత్రం పగిలి, మూత ఊడి, లోపల మట్టి గట్టిపడి ఉంది. దమ్ముల టైములో ఎప్పుడో గొర్రు తగిలించేటప్పుడు హైడ్రాలిక్ చెయ్యి తగిలి పగిలిందది. అప్పటి నుంచి ఆ ట్రాక్టరు నలుగురు రైతుల పొలాల్లో తిరిగింది, ఎవరూ చూడలేదు. అందరం పగటి పూటే కదా అనుకున్నాం.

మర్నాడు ఆసుపత్రి దగ్గర ఆ పిల్లాడి తండ్రి మమ్మల్ని తిట్టలేదు. "ఒక్క ఎర్రలైటు వెలిగుంటే చాలు గదయ్యా" అన్నాడు. ఆ మాట మాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. ఆ వారమే మా శాఖలో కూర్చుని ఈ పని మొదలుపెట్టాం.

ఎంత దూరం, ఎన్ని సెకన్లు

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం చీకటి పడ్డాక రోడ్డు మీద తిరిగే బండికి వెనక ఎర్రలైటు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. దానికి తోడు వెనక రెండు వైపులా ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి. ఆ 155 అనే అంక ఎందుకో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే మోటారు సైకిలు సెకనుకు దాదాపు 17 మీటర్లు నడుస్తుంది. 155 మీటర్ల నుంచి ఎర్రలైటు కనిపిస్తే ఆగి ఉన్న ట్రక్కు దగ్గరికి రావడానికి 9 సెకన్లు పడుతుంది. ఆలోచించుకోవచ్చు, వేగం తగ్గించుకోవచ్చు. లైటు లేకపోతే డిమ్ లైటు వెలుతురులో మట్టి కొట్టుకున్న ట్రక్కు తలుపు ఏ 40 మీటర్ల దగ్గరో కనిపిస్తుంది. అప్పుడు అతని చేతిలో ఉండేది రెండున్నర సెకన్లు కూడా కాదు. ఎదురుగా ఇంకో బండి హెడ్‌లైటు కళ్లలో పడితే అవీ ఉండవు. మంచు పడే పుష్యమాసంలో సంగతి చెప్పనే అక్కర్లేదు.

సాకెట్ ఎందుకు పాడవుతుంది

మా ఊళ్లో ఇరవైకి పైగా ట్రాక్టర్లు వరసగా చూశాం. పాడైన ప్రతి సాకెట్‌కూ ఈ నాలుగింటిలో ఒక కారణం కనిపించింది.

మొదటిది దెబ్బ. సాకెట్ చాలా ట్రాక్టర్లకు డ్రాబార్‌కు దగ్గరగా, కిందగా ఉంటుంది. గొర్రు, రోటవేటర్ తగిలించేటప్పుడూ ఎత్తేటప్పుడూ హైడ్రాలిక్ చేతులో టాప్ లింకో దాన్ని కొడుతుంది. ట్రక్కును వెనక్కి నడిపి హుక్కుకు కలిపేటప్పుడు కూడా అంతే.

రెండోది లాగుడు. వైరు పొడుగైతే నేలకు రాసుకుంటుంది, చెరుకు మోళ్లకూ పత్తి కట్టెకూ తట్టుకుంటుంది. పొట్టిదైతే మలుపు తిరిగినప్పుడు ప్లగ్గును పీకేస్తుంది.

మూడోది మట్టి, నీరు. దమ్ము చక్రాలు వేసి తిప్పినప్పుడు ఎగిరే రొంపి మూత సందుల్లోంచి లోపలికి పోతుంది.

నాలుగోది ఎరువు. యూరియా, డీఏపీ పొడి తేమకు కరిగి ఇత్తడి పిన్నులను తినేస్తుంది. కోళ్ల ఎరువు తోలిన ట్రక్కు సంగతి ఇంకా ఘోరం. అందులోంచి వచ్చే అమ్మోనియాకు, ఇత్తడికి పడదు. పిన్ను పచ్చబారిందంటే దాని పని అయిపోవచ్చినట్టే.

మేము చేసిన ఇనుప గొడుగు

దీనికి మందు మన పాకలోనే ఉంది. 3 మిల్లీమీటర్ల రేకు ముక్క, కొంచెం ఇనుప పట్టీ, వేలు మందం ఊచ మూరెడు. వెల్డింగు షాపులో ఒక పూట పని.

ముందే మా తప్పు చెబుతాం. మొదటిది మేము పూర్తిగా మూసిన పెట్టెలా చేశాం. చూడ్డానికి దిట్టంగా ఉంది. నెల తిరిగేసరికి లోపల రొంపి చేరి, నీరు బయటికి పోయే దారి లేక, సాకెట్ మామూలుగా కంటే ముందే చిలుము పట్టింది. పైగా లోపల చెయ్యి పట్టక డ్రైవరు ప్లగ్గు పెట్టడమే మానేశాడు. వాడనివ్వని కాపు ఎందుకూ పనికిరాదు. అందుకే రెండోది బోర్లించిన దోనెలా చేశాం. పైన కప్పు, రెండు పక్కలా గోడలు, కింద పూర్తిగా తెరుపు. నీరు కారిపోతుంది, మట్టి రాలిపోతుంది.

కొలతలు మీ సాకెట్‌ను బట్టి తీసుకోండి. మూత పూర్తిగా తెరిచి, ప్లగ్గు పెట్టి, వైరు సహజంగా వంగిన తర్వాత కొలవాలి. ఆ కొలతకు పక్కలా రెండేసి వేళ్లు, ముందుకు ఇంకో రెండు వేళ్లు కలపండి. పిడికిలి లోపలికి పోవాలి. కప్పును వెనకవైపు కొంచెం వాలుగా పెడితే నీరు నిలవదు. దోనె ముందు అంచున ఆ ఊచను విల్లులా వంచి అతికించండి. గొర్రు వచ్చి తగిలినా ముందు ఆ ఊచకు తగులుతుంది, ప్లగ్గుకు తగలదు.

వెనక పలకకు సాకెట్ బిగించే రంధ్రాలు వేయాలి. వైరు దూరే రంధ్రం అంచును గ్రైండరుతో నునుపు చేసి పాత ట్యూబు ముక్క తొడగండి. ఆ పని చేయకపోతే కాపు కోసం పెట్టిన రేకే ఏడాదిలో వైరును కోసేస్తుంది. తర్వాత రెడ్ ఆక్సైడు, దాని మీద పెయింటు.

సాకెట్ ఉన్నచోటే గొడుగు వేయక్కర్లేదు. వీలైతే దాన్ని పైకి మార్చండి. మేము ఎడమ మడ్‌గార్డు లోపలి వైపు, మోకాలికి పై ఎత్తున పెట్టాం. సీటు మీద నుంచి వెనక్కి తిరిగితే డ్రైవరుకు కనిపిస్తుంది. ప్లగ్గు ఊడితే వెంటనే తెలుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. గొడుగును ట్రాక్టరుకు వెల్డింగు చేయొద్దు. విడిగా షాపులో బల్ల మీద చేసి, మడ్‌గార్డు బ్రాకెట్‌కు ఉన్న బోల్టులతో స్ప్రింగు వాషరు వేసి బిగించండి. రేపు వంగితే విప్పి సరిచేసుకోవచ్చు. గేరుబాక్సు, ఇరుసు, హైడ్రాలిక్ హౌసింగుల మీద రంధ్రాలు వేయొద్దు. ఏ కారణం చేతనైనా ట్రాక్టరు మీదే వెల్డింగు చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ వైర్లు విప్పండి. లేకపోతే ఆల్టర్నేటరు, కొత్త బండ్లలో కంప్యూటరు పెట్టె పోతాయి. డీజిలు ట్యాంకు దగ్గర నిప్పు వద్దు. జీఐ పైపు ముక్క వాడుతుంటే వెల్డింగు చోట పైపూత అరగదీసి, గాలి ఆడేచోట చేయించండి. ఆ జింకు పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

బిగించాక ఇంజను ఆపి ఉంచి పీటీఓ షాఫ్టుకు దూరం చూడండి. తర్వాత గొర్రు తగిలించి హైడ్రాలిక్‌ను పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి నడిపి, ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకోండి. ఆ టైములో మధ్యలో మనిషి నిలబడకూడదు.

రెండో సగం ట్రక్కు వైపు

ట్రక్కు విప్పినప్పుడు ప్లగ్గు ఎక్కడుంటుంది? నేల మీద, బురదలో ఉంటుంది. ఎలుకలకు ఆహారమవుతుంది. దీనికి ఉపాయం చెప్పింది మా డ్రైవరే. పగిలిన పాత సాకెట్‌ను పారేయకుండా, మూత స్ప్రింగు బాగున్నది ఒకటి చూసి, ట్రక్కు ముందు భాగాన పట్టీ ముక్కకు బిగించాడు. దానికి వైర్లేమీ ఉండవు. ట్రక్కు విప్పగానే ప్లగ్గును అందులో పెడతాడు. మూతకున్న కొక్కెం ప్లగ్గును పట్టుకుంటుంది. పాడైన వస్తువే కొత్తదానికి ఇల్లయింది.

వైరును మధ్యలో ఒక స్ప్రింగుతో డ్రాబార్‌కు పైగా వేలాడదీయండి. ట్రక్కు కలిపి, ఖాళీ స్థలంలో పూర్తిగా ఎడమకు ఒకసారి, పూర్తిగా కుడికి ఒకసారి తిప్పి చూడండి. ఎటు తిరిగినా వైరు బిగియకూడదు, నేలను తాకకూడదు.

లోపల వైర్లు

గొడుగు కింద వైర్లు తప్పుగా ఉంటే గొడుగు ఎందుకు? 12 వోల్టుల ఏడు పిన్నుల సాకెట్‌లో అంకెలు పోతపోసి ఉంటాయి. మామూలు వరస ఇది: 1 ఎడమ ఇండికేటర్, 2 వెనక ఫాగ్ లైటు, 3 ఎర్తు, 4 కుడి ఇండికేటర్, 5 కుడి పార్కింగు లైటు, 6 బ్రేకు లైటు, 7 ఎడమ పార్కింగు లైటు. రెండో పిన్ను మన ట్రక్కులకు ఎక్కువగా ఖాళీగానే ఉంటుంది. వైర్ల రంగులను నమ్మొద్దు. చేతులు మారిన బండిలో ఎవరికి దొరికిన రంగు వాళ్లు వేసి ఉంటారు. టెస్టు బల్బుతో ఒక్కో పిన్నూ చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం మూడో పిన్ను, ఎర్తు. చాలా ట్రక్కులకు ఎర్తు వైరే ఉండదు. హుక్కూ డ్రాబారూ తగులుతున్నాయి కదా అని వదిలేస్తారు. హుక్కుకు గ్రీజు ఉంటుంది, తుప్పు ఉంటుంది, గుంతలో ఎగిరినప్పుడల్లా తగులు పోతుంది. బ్రేకు నొక్కితే ఇండికేటర్ మినుకు మినుకుమందంటే ఎర్తు బాగోలేదని గుర్తు. విడిగా వైరు లాగి, ట్రక్కు చాసిస్ మీద పెయింటు గీకి, బోల్టుతో బిగించండి.

లోడు లెక్క చూద్దాం. వెనక పార్కింగు బల్బులు 5 వాట్లవి రెండు, బ్రేకు బల్బులు 21 వాట్లవి రెండు, ఇండికేటర్లు 21 వాట్లవి రెండు. అన్నీ ఒకేసారి వెలిగినా 94 వాట్లు. 12తో భాగిస్తే 8 ఆంపియర్లకు లోపే. దానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల, సన్నపోగుల రాగి వైరు చాలు. ఇంటి వైరింగుకు వాడే ఒంటిపోగు వైరు వద్దు, కుదుపుకు లోపలే తెగిపోతుంది. ఎర్తుకు మాత్రం 2.5 వేయండి. ఫ్యూజు మాడితే తీగ చుట్టొద్దు. అది మాడిందంటే ఎక్కడో వైరు ఇనుముకు తగులుతోందని చెబుతోంది.

ప్లగ్గు పిన్నులు వదులైతే మధ్యలో ఉన్న చీలికను స్క్రూడ్రైవరు మొనతో కొద్దిగా విప్పండి, బిగుతుగా కూర్చుంటుంది. ఎరువు తోలిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిచి, పిన్నులకు పల్చగా పెట్రోలియం జెల్లీ రాయండి.

ఇది ఎవరి పని?

ఇదంతా విన్నాక మా శాఖలో ఒక పెద్దాయన అడిగారు: "లక్షలు పోసి ట్రాక్టరు కొన్నది మనం. సాకెట్‌కు గొడుగు కూడా మనమే వేసుకోవాలా?" న్యాయమైన ప్రశ్నే. పొలంలో రొంపిలో తిరిగే బండి అని తెలిసే తయారు చేస్తారు. గొర్రు తగిలించే చోటే సాకెట్ పెట్టినవాళ్లు దానికి కాపు కూడా పెట్టాలి. ట్రక్కు కట్టి ఇచ్చే షెడ్లు వైరింగు, ఎర్తు, రిఫ్లెక్టర్లు లేకుండా బండి బయటికి పంపకూడదు. రాత్రి ప్రయాణాల్లో చాలావరకు మనం కోరుకున్నవి కావు. ధాన్యం దింపుకోకుండా రోజంతా వరసలో నిలబెట్టి చీకట్లో వెనక్కి పంపుతున్నారు. దింపుడు పగటి పూటే పూర్తి కావాలని, ఆగిన బండ్లకు వెలుతురున్న స్థలం ఇవ్వాలని సంఘం అడగాలి. ఈ మూడింటినీ తీర్మానంలో చేర్చమని మా శాఖ కోరుతోంది.

అయితే ఆ డిమాండ్లు నెరవేరేదాకా రోడ్డు ఆగదు. నవంబరు మధ్యకల్లా కోతలు మొదలవుతాయి. ప్రమాదం జరిగితే కేసు పెట్టించుకునేది, లాఠీ చూసేది రోజు కూలికి బండి తోలే డ్రైవరు తమ్ముడే. ఆ రాత్రి మేము కూడా ముందు అతన్నే తిట్టాం. అతను బల్బులు మార్చాడు. సాకెట్ మార్చాల్సింది యజమానులమైన మేము. ఈ సభలో అతనికి ఆ మాట చెప్పుకోవాలని మాకు ఉంది.

ఒక మాట దాచకుండా చెబుతాం. గొడుగు వేసినంత మాత్రాన లైటు వెలగదు. రోజూ బయలుదేరే ముందు వెనక్కి నడిచి చూడాల్సిందే. సాకెట్ ఎంత బాగున్నా దారిలో పాడవచ్చు. అందుకే కరెంటుతో పనిలేని ఎర్ర రిఫ్లెక్టర్లు ట్రక్కు వెనక రెండు మూలలా తప్పకుండా ఉండాలి. వాటిని వారానికొకసారి గుడ్డతో తుడవాలి. బండి ఆగిపోతే రోడ్డు పక్కకు దింపి, వెనక దూరంగా మెరిసే త్రికోణం పెట్టాలి. దగ్గర్లో రాళ్లు పేర్చి వదిలేయొద్దు. బండి పోయాక ఆ రాళ్లే ఇంకొకరిని పడేస్తాయి.

మా ప్రతిపాదన ఒకటే. కోతలకు ముందు ప్రతి గ్రామ శాఖ ఒక ఆదివారం ఎంచుకోవాలి. సంఘ సభ్యుడా కాదా అని చూడకుండా ఊళ్లోని ట్రాక్టర్లన్నీ ట్రక్కులతో సహా ఒకచోటికి రావాలి. వెల్డింగు తమ్ముణ్ని, ఎలక్ట్రీషియన్ను పిలవాలి. ఇనుము ఇంటి నుంచి తెచ్చుకుందాం, కూలి పంచుకుందాం. సాయంత్రం చీకటి పడ్డాక అన్ని ట్రక్కులనూ వరసగా నిలబెట్టి, 155 మీటర్లు అంటే దాదాపు 200 అడుగులు వేసి వెనక్కి నడిచి, అక్కడి నుంచి చూద్దాం. ఎర్రలైటు కనిపించని ట్రక్కు ఆ రాత్రి బాగు చేశాకే ఇంటికి పోవాలి.

మా ఊళ్లో ఇది పోయిన నెల చేశాం. పదిహేడు ట్రక్కులు వచ్చాయి. మొదట వెలిగినవి ఐదు. రాత్రి పదింటికి పదిహేడూ వెలిగాయి. చెయ్యి విరిగిన ఆ పిల్లాడి తండ్రి కూడా తన ట్రక్కు తోలుకొచ్చారు. ఆయనది వెలగని పన్నెండింటిలో ఒకటి. ఎర్తు వైరు లేదు. మేమే దగ్గరుండి వేయించాం.

మీ ఊళ్లో ఎప్పుడు పెట్టుకుంటారో తేదీ చెప్పండి. మా గొడుగు ఒకటి ఇక్కడే బల్ల మీద పెట్టాం, దాని ఊరూ పేరూ అడక్కుండా కొలతలు తీసుకుపోండి. మనిషి కావాలంటే మా శాఖ నుంచి ఇద్దరం వస్తాం.